బర్రె కడుపులో తోడు



గోరువెచ్చని పాలలో చెంచాడు మజ్జిగ వేసి మూత పెడితే తెల్లవారేసరికి పెరుగు తోడుకుంటుంది. సూక్ష్మజీవులను పెంచడం మనకేమీ కొత్త విద్య కాదన్నమాట. కాని ఆవు, బర్రె కడుపులోని సూక్ష్మజీవులను బయట పెంచాలంటే ఆ తోడు అంత సులువుగా పడదు. ఈ సంగతి నేను తెలుసుకోవలసి వచ్చిన కారణం చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

కందిలో మా గృహప్రవేశం నాడు రెండు గంపల అన్నం, పులిహోర మిగిలాయి. పారేయడానికి మనసొప్పక, పుణ్యం కూడా వస్తుంది కదా అని, మాకు పాలు పోసే ఆమె బర్రెకు పెట్టించాను. మర్నాడు పాలు రాలేదు, ఆమే వచ్చింది. "బర్రె నెమరేస్తలేదమ్మా, పొట్ట ఉబ్బింది. నిన్న ఎంత పెట్టిన్రు?" అంది. పశువుల డాక్టరుగారు వచ్చి ముందుగా అడిగింది ఏమిటనుకున్నారు? వంటసోడా! బర్రె బతికింది గాని, వారం రోజుల పాల డబ్బు పోయింది ఆ ఇల్లాలికి.

పశువు పొట్టలో నాలుగు గదులు. మొదటిది మహా పెద్దది. పెద్ద ఆవుకైతే వంద లీటర్లకు పైగా పడుతుంది. అందులోని రసం ఒక్క చెంచాడు తీస్తే వేల కోట్ల సూక్ష్మజీవులుంటాయి. చొప్పలోని పీచును పశువు తనంతట తాను అరిగించుకోలేదు, మనలాగే. ఆ పని ఈ జీవులు చేస్తాయి. అవి వదిలే ఆమ్లాలే పశువుకు బలం. చివరకు అవి కూడా కింది గదుల్లోకి జారి, అరిగి, మాంసకృత్తులవుతాయి. మన గ్లాసులోని పాలకు మూలం అక్కడుందన్నమాట.

వీటిలో చాలావాటికి గాలి విషం. అందుకే ఎన్నో ఏళ్ళు శాస్త్రజ్ఞులకు లొంగలేదు. చెదపురుగుల కడుపును పరిశోధించి వచ్చిన హంగేట్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు దారి చూపించాడు. గాజు గొట్టంలో ఆక్సిజన్ లేని వాయువు నింపి, గొట్టం లోపలి గోడలకు అగరు పూతగా పట్టించి, దాని మీద వీటిని పెంచాడు. మేతరసంలో ఒక రంగు కూడా కలుపుతారు. గాలి దూరిందా, గులాబీ రంగు తేలిపోతుంది, దొంగ దొరికినట్టే! ఇంత చేసినా అన్నీ పెరగవు. 2018లో ప్రపంచమంతటి శాస్త్రజ్ఞులు కలిసి, ఇలా పెంచగలిగిన 410 రకాల జన్యు వివరాలు ప్రకటించారు.

మనకు దగ్గరలోనే, ముంబయి రోడ్డు మీద పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్ ఉంది కదా, అక్కడ అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థవారు జొన్న చొప్పకు ఈ విద్యనే ఉపయోగించారు. పద్ధతి జర్మనీలో పుట్టింది. పశువు పొట్టలోని రసాన్ని చల్లారకుండా ఫ్లాస్కులో తెచ్చి, గుడ్డలో వడగట్టి, సోడా ఉప్పులతో చేసిన కృత్రిమ లాలాజలం కలుపుతారు. చిటికెడు చొప్పపొడి వేసిన గాజు సిరంజిలో దాన్ని పోసి, 39 డిగ్రీల వెచ్చదనంలో ఒక రోజు ఉంచుతారు. సూక్ష్మజీవులు తింటున్నకొద్దీ వాయువు పుట్టి సిరంజి పిడిని వెనక్కి నెడుతుంది. ఎంత నెడితే చొప్ప అంత మంచిదని లెక్క.

ఆ సోడా ఎందుకో విన్నాక గాని మా బర్రెకేమైందో నాకు అర్థం కాలేదు. పశువు నెమరేస్తూ లాలాజలంతో రోజంతా సోడా మింగుతూనే ఉంటుంది, పులుపు విరగడానికి. చొప్ప మెల్లగా అరుగుతుంది కనుక అది సరిపోతుంది. గంపెడు అన్నం ఒక్కసారిగా పడితే, నమిలే పని లేదు, లాలాజలం ఊరదు. పులుపు పుట్టించే జీవులు విజృంభించి, పీచు అరిగించేవి చచ్చిపోతాయి. పెరుగులోని పులుపే అది! నేను బర్రె కడుపులో పెరుగు తోడేశానన్నమాట.

మా పాలామె ఇప్పుడు కూరగాయల తొక్కలు పట్టుకెళుతుంది గాని, అన్నం పిడికెడుకు మించి తీసుకోదు. చొప్ప కొనేటప్పుడు మాత్రం కాడ విరిచి, వాసన చూసి, కొరికి మరీ బేరమాడుతుంది. నేను నవ్వేదాన్ని. కాని 2004-05లో హైదరాబాదు చొప్ప వర్తకుల దగ్గర నెలనెలా పరిశీలించినప్పుడు, నూటికి 47 పాళ్ళు అరిగే చొప్ప కన్నా 52 పాళ్ళు అరిగేదానికి పావు వంతు ఎక్కువ ధర పలికిందట. ఆ కొన్నవాళ్ళెవరి దగ్గరా సిరంజి లేదు.