బీమండి నుంచి బడికి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చేతిపని పట్టుకొని ఊరు దాటిపోయిన కుటుంబాల గురించి నాలుగు మాటలు చెప్పమని మన సంఘం వాళ్లు అడిగారు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి కాబట్టి అడిగారనుకుంటా. కానీ చరిత్ర కన్నా ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మా బాపు నేతపని చేసేవాడు. ఇంట్లో గుంత మగ్గం ఉండేది. బాపు గుంతలో కాళ్లు పెట్టుకొని నేస్తుంటే, అమ్మ రాట్నం ముందు కూర్చొని కండెలు చుట్టేది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి మూలకు పెట్టి అన్న, నేను కూడా కండెలు చుట్టేవాళ్లం. ఇంటిల్లిపాదీ పనిచేసినా, నూలుకు తెచ్చిన అప్పు మాత్రం తీరేది కాదు. మిల్లు బట్ట, ఆ తర్వాత సాంచాల బట్ట సంతకు చవకగా వచ్చాయి. మగ్గం బట్ట అడిగేవాళ్లు తగ్గిపోయారు. వరంగల్‌లో 1934లో ఆజంజాహి మిల్లు పెట్టారు, చాలామందికి అన్నం పెట్టింది. కానీ పల్లెల్లో ఉన్న నేతగాళ్లందరికీ ఒక్క మిల్లు ఏం సరిపోతుంది?

అందుకే మన వరంగల్, నల్లగొండ, కరీంనగర్ జిల్లాల పద్మశాలీలు షోలాపూర్, బొంబాయి, బీమండి, సూరత్ బాట పట్టారు. మ్యాపులో భివండీ అని ఉంటుంది, మన నోట్లో అది బీమండే. అసలు మనవాళ్లకు ఆ దారి కొత్త కాదు. అంతకు చాలా ముందే బొంబాయి కట్టడాలకు రాళ్లు, ఇటుకలు మోసిన తెలంగాణ కూలీలను కామాటీలు అన్నారు. కామాటిపుర అనే పేటకు ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. 1982లో బొంబాయి మిల్లు కార్మికుల పెద్ద సమ్మె జరిగాక, మిల్లుల పని చాలావరకు బీమండి సాంచాలకు మళ్లింది. ఆ రోజుల్లోనే బాపు పోయాడు. ఆరు నెలలకు మమ్మల్ని కూడా తీసుకపోయాడు.

అక్కడ పన్నెండు గంటల డ్యూటీ. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. జీతం లేదు, నేసిన మీటర్ల లెక్కన పగార్. కరెంటు పోయినా, బీము రాకపోయినా మీటర్లు ఉండవు, పైసలు ఉండవు. ఒంటరిగా వచ్చినవాళ్లు ఒక్కో గదిలో పది, పన్నెండు మంది. పగలు వీళ్లు పడుకున్న చాప మీదే రాత్రి వాళ్లు పడుకునేవాళ్లు. సాంచాల చప్పుడులో పక్కనున్న మనిషి మాట వినబడదు. అందుకే అక్కడ పనిచేసినవాళ్లు ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడుతారు. మా బాపు అమ్మను మంచినీళ్లు అడిగినా, కొత్తవాళ్లు తగువనుకునేవాళ్లు.

రెండేళ్లకు బాపుకు దగ్గు పట్టుకుంది. దూది దుమ్ము దగ్గు అది. అమ్మ మా ఇద్దరినీ తీసుకొని ఊరికి వచ్చేసింది. అన్న తొమ్మిదిలో, నేను ఏడులో చేరాలి. అమ్మమ్మ ఊరు దగ్గర ఒక బడికి తీసుకపోయింది. "టీసీ ఏది?" అన్నారు. అమ్మ దగ్గర ఉన్నది మరాఠీలో రాసిన ఒక చీటీ. "ఇది చెల్లదు, అక్కడికి పోయి తీసుకరా" అన్నారు. బీమండికి పోయి రావడానికి చార్జీలు ఎక్కడివి? బాపుకు ఉత్తరం రాశాం. ఆ కాగితం మా చేతికి వచ్చేసరికి సంక్రాంతి దాటింది. అప్పటికే అన్న బాపు దగ్గరికి పోయి సాంచాల మీద నిలబడ్డాడు. అన్నకు అప్పుడు పద్నాలుగేళ్లు.

మరుసటి జూన్‌లో అమ్మ నన్ను ఈ బడికి తెచ్చింది. అప్పటి పెద్దసారు కాగితం అడగలేదు. తెలుగు వాచకం నా చేతిలో పెట్టి "చదువు" అన్నారు. చదివాను. ఒక లెక్క ఇచ్చారు. చేశాను. "కాగితాల సంగతి నేను చూసుకుంటనమ్మా, పిల్లగాణ్ణి కూసోనియ్యి" అన్నారు. మాది ఇంతే కథ. ఒకే ఇంట్లో ఇద్దరం. ఒకడు మాస్టరు అయ్యాడు, ఒకడు ముప్పై ఏళ్లు సాంచాలు నడిపాడు. అన్న నాకన్నా తెలివైనవాడు, లెక్కల్లో మరీను.

ఈ మధ్య అమెరికా చరిత్ర చదువుతుంటే మావంటి వాళ్లే కనిపించారు. 1683లో జర్మనీలోని క్రేఫెల్డ్ ఊరి నుంచి పదమూడు కుటుంబాలు కాంకర్డ్ అనే ఓడ ఎక్కి ఫిలడెల్ఫియా చేరాయి. ఎక్కువమంది నార బట్టలు నేసేవాళ్లు. తమ మతం తాము నమ్ముకొని బతకనిస్తారని పోయారు. అక్కడ వాళ్లు కట్టుకున్న ఊరు జర్మన్‌టౌన్. ఆ ఊరి ముద్ర మీద ద్రాక్ష, అవిసె నార, నేత అని రాసుకున్నారు. 1688లో ఆ ఊరివాళ్లు నలుగురు, మనిషిని బానిసగా కొనడం, అమ్మడం తప్పని రాసి సంతకాలు పెట్టారు. అమెరికాలో బానిసత్వం మీద అదే మొదటి రాతపూర్వక నిరసన అంటారు. ఆ నలుగురిలో ఒకడైన పాస్టోరియస్ 1702లో ఆ ఊళ్లో బడి పెట్టి పాఠాలు చెప్పాడు. పగలు పనిలో ఉండేవాళ్ల కోసం రాత్రి బడి కూడా నడిపాడు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడు వందల ఏళ్ల కింద జర్మన్‌టౌన్‌లో పనికి పోయే పిల్లలకు దొరికింది, మా అన్నకు దొరకలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, గాలి ఇప్పుడు ఎదురు తిరిగింది. మన దంతాలపల్లి 2016లో మండలమైంది. ఒకప్పుడు మనం పోయినట్టే ఇవాళ ఒడిశా వాళ్లు ఇటుక బట్టీలకు, బీహార్ వాళ్లు రైస్ మిల్లులకు, కట్టడాలకు తెలంగాణకు వస్తున్నారు. వాళ్ల వెంట పిల్లలు ఉన్నారు. 2009 విద్యాహక్కు చట్టం ఈ మాట స్పష్టంగా చెప్తుంది: పిల్లవాణ్ణి వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, టీసీ ఆలస్యమైందని బడిలో చేర్చుకోకుండా ఉండరాదు. మా పెద్దసారు చట్టం రాకముందే చేసిన పని అది. చట్టం వచ్చాక కూడా ఆ పిల్లల తల్లులకు ఆ సంగతి చెప్పేవాళ్లు కావాలి.

స్వర్ణోత్సవం గుర్తుగా స్వాగత తోరణం కడదామని కొందరు మిత్రులు అన్నారు. కట్టండి, నేనూ చందా ఇస్తా. దానితో పాటు ఇంకో చిన్న పని చేద్దాం. ప్రతి జూన్‌లో మనలో ఇద్దరు, ముగ్గురు బట్టీల దగ్గరికి, మిల్లుల దగ్గరికి పోయి పిల్లల పేర్లు రాసుకొని రావాలి. తల్లితో పాటు బడికి నడవాలి. పాత బడికి ఉత్తరం మనమే రాయాలి. వాళ్ల భాష తెలిసిన మనిషి దొరికితే మొదటి నెల రోజులు సాయంత్రం పూట తెలుగు అక్షరాలు నేర్పించాలి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. మొదటి పేరు నాది రాసుకోండి.

చివరిగా ఒక్క మాట. మా అన్న ఇవాళ నాతో వచ్చాడు. పొద్దున బయలుదేరుతుంటే "నేను ఆ బళ్లె చదువలేదు గదా తమ్మీ, నేనెట్ల వస్త?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఇప్పుడు వెనక వరుసలో, తలుపు పక్కన కూర్చున్నాడు. గురువులారా, మీ అందరి అనుమతితో ఆయనను ముందు వరుసకు పిలుస్తున్నాను.

అన్నా, రా. ఇక్కడ నా పక్కన కూసో.