ప్రళయ కావేరి ఒడ్డున భోజనము ఎక్కడ?

(మింజూరు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

పంచాంగ శ్రవణము, పద్య పఠనము ముగిసిన పిమ్మట భోజనమును గురించి మాట్లాడమని కార్యవర్గమువారు మమ్ము కోరినారు. ఆకలి వేళ అన్నమును గురించి ఉపన్యసించుట సాహసమే. వంటశాలనుండి తాలింపు వాసన వస్తూ ఉంటే మా మాటలు ఎవరి చెవిని పడతవి? అయినను విషయము మన ఇండ్లలో ప్రతి సెలవునాడు వినబడే ప్రశ్నకు సంబంధించినది. ఊరినుండి బంధువులు వస్తారు. పిల్లలు ఎక్కడికైనా పోదామని పేచీ పెడతారు. మింజూరునుండి ఉదయము పోయి సాయంకాలమునకు తిరిగి రాదగిన చోటు పళవేర్కాడు. సరే, పోయినాము. సరస్సు చూచినాము. ఎండ నడినెత్తికి వచ్చినది. ఇప్పుడు భోజనము ఎక్కడ?

దీనికి జవాబు చెప్పుటకు ముందు ఆ సరస్సు పేరు ఒకసారి తలచుకొందాము. పళవేర్కాడు అను తమిళ నామమే పరదేశీయుల నోట పులికాట్ అయినది. తెలుగువారు తరతరాలుగా పిలిచిన పేరు ప్రళయ కావేరి. సరస్సులో ఎక్కువ భాగము ఆంధ్ర దేశములోనే ఉన్నది. దక్షిణపు కొన మాత్రము తమిళనాటిది. మన దేశములో ఉప్పునీటి సరస్సులలో ఒడిశాలోని చిలక తరువాత ఇదే పెద్దది. స. వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' చదివినవారికి ఆ దీవుల జీవితము, ఆ యాస, ఆ తిండి రుచి తెలిసే ఉంటుంది. మన పిల్లలు బడిలో పులికాట్ అని నేర్చుకొందురుగాక, ఇంటిలో మాత్రము ప్రళయ కావేరి అనవలెనని మా విన్నపము.

అక్కడికి యాత్రికులు వచ్చుట నేటి మాట కాదు. 1613లో డచ్చివారు అక్కడ గెల్డ్రియా అను కోట కట్టి కోరమండల తీరమంతటికి దానినే ముఖ్యస్థానముగా చేసుకొన్నారు. 1825లో అది ఇంగ్లీషువారి వశమైనది. వారి సమాధులు నేటికిని ఉన్నవి. అక్కడి బట్ట పేరు సముద్రము దాటినది. మలయా దేశములో నేటికిని ఒక రకము లుంగీని పెలికాట్ అనే అంటారు. వర్తకులు వచ్చినారు, సిపాయిలు వచ్చినారు, పోయినారు. వచ్చినవారందరికీ కూడు పెట్టినది ఆ సరస్సు, దాని ఒడ్డున ఉన్న బెస్తవారి కుటుంబములు.

మేము చెప్పదలచినది ఇదే. సరస్సు ఒడ్డున భోజనము చేయదగిన చోటు ఏదనగా, ఆ సరస్సులో పడిన చేపను ఆ ఊరివారు వండి పెట్టే చోటు. బల్లలు, పంకాలు, రంగుల బోర్డు తరువాతి సంగతి.

మనవారికి ఒక మంచి అలవాటు ఉన్నది. ఎక్కడికి పోయినా పులిహోర, దద్దోజనము, ఊరగాయ క్యారియరులో సర్దుకొని పోతాము. పసిపిల్లలు, పెద్దలు ఉన్నప్పుడు అది అవసరమే. కాని వందలమంది యాత్రికులు వచ్చి, తమ తిండి తామే తిని, తిన్న విస్తళ్ళు, ప్లాస్టిక్ సంచులు మాత్రము ఒడ్డున వదిలి పోతే, ఆ ఊరికి మిగిలినది ఏమిటి? చెత్త తప్ప మరేమియు లేదు. కనుక పూర్తిగా కాకపోయినా, ఒక పూట అయినా అక్కడ కొని తినవలెను.

శాకాహారులకు ముందుగా చెప్పుకొందాము. మింజూరులో లోకల్ బండి ఎక్కితే అనుపంబట్టు తరువాత పొన్నేరి. అక్కడ దిగి బస్సులో పళవేర్కాడు పోవలెను. ఇడ్లీ, పొంగలి, కాఫీ పొన్నేరిలోనే ముగించుకొనుట మేలు. అగస్త్యేశ్వరుని ఆలయము, కరికృష్ణ పెరుమాళ్ళ ఆలయము చూచుకొని, నీటి సీసాలు నింపుకొని బయలుదేరితే ఎవరికి ఇబ్బంది ఉండదు. సరస్సు ఒడ్డున శాకాహారము దొరకకపోదు గాని, ఆ ఊరి చేతివాటము చేప మీదనే. గుడి ప్రసాదము ఎక్కడ తిన్నా ప్రసాదమే. చేపల పులుసు మాత్రము నీరు మారితే రుచి మారుతుంది.

చేపలు తినేవారు మూడు ప్రశ్నలు వేసుకొనవలెను.

మొదటిది: ఈ చేప ఏ నీటిది? చెన్నైలోని కాశిమేడు రేవునుండి ఐసు పెట్టెలో వచ్చిన చేపను సరస్సు ఒడ్డున కూర్చుండి తినుటకు ఇంత దూరము రానక్కరలేదు. సరస్సు ప్రతిదినము ఒకే రకము చేప ఇవ్వదు. కనుక సంవత్సరము పొడుగునా ఒకే పట్టీ, ఒకే ధర వ్రాసి ఉన్న చోట కొంచెము అనుమానించవలెను. "ఇవాళ రొయ్య లేదు, మడవ ఉన్నది" అని చెప్పే చోట నిశ్చింతగా కూర్చుండవచ్చును. లేదని చెప్పగల వంటవారే నమ్మదగిన వంటవారు.

రెండవది: వండేది ఎవరు? బస్సు దిగిన చోట, వంతెన దగ్గర, చేపలు అమ్మే చోట చిన్న చిన్న అంగళ్ళు ఉంటవి. చాలచోట్ల పెనము ముందు కూర్చుండేది ఆడవారే. ముందుగా మాట్లాడుకొంటే, మనము కొన్న చేపను కడిగి, కోసి, వండి పెట్టేవారు కూడ దొరుకుతారు. పదిమంది కుటుంబముతో పోయేవారు ఉదయము చేరగానే చెప్పవలెను. పన్నెండు గంటలకు పోయి ఒంటిగంటకు వడ్డించమంటే ఏ ఇల్లాలికైనా కోపమే. కూలి ఎంతో, నూనె దినుసులు ఎవరివో మొదటనే తేల్చుకొనుట మర్యాద. తిన్న తరువాత బేరమాడుట మన పరువుకు తగదు.

మూడవది: మన డబ్బు ఎవరికి చేరుతున్నది? పట్టినవారికి, వండినవారికి చేరితే ఆ భోజనము రెండు ఇండ్లలో పొయ్యి వెలిగిస్తుంది.

భాష సంగతి. సరస్సు దక్షిణపు ఒడ్డున బేరము తమిళములో జరుగును. మన గృహిణులకు నాలుగు మాటలు తెలిస్తే చాలును. రొయ్యను ఇరాల్ అంటారు. పీతను, మనలో కొందరు ఎండ్రకాయ అనేదానిని, నండు అంటారు. పండుగప్ప అక్కడ కొడువా. పాలబొంత అక్కడ పాల్ మీన్. చేప కన్ను తేటగా, మొప్ప ఎర్రగా ఉండవలెను. పీతను చేతిలోకి తీసుకొంటే పరిమాణమునకు తగిన బరువు ఉండవలెను. పెద్ద మండపీతలు మాత్రము మన విస్తరి దాకా రావు. వానిని బ్రతికి ఉండగానే త్రాడుతో కట్టి, చెన్నై మీదుగా సింగపూరు వంటి చోట్లకు పంపుతారు. పట్టినవాడు వాని రుచి ఎరుగునో లేదో! మిగిలిన చిన్న పీతల పులుసు చాలు, వ్రేళ్ళు నాకుకొనుటకు.

ఋతువు కూడ చూడవలెను. ఇప్పుడు ఉగాది. పచ్చడిలో పడిన మామిడి ముక్కే నెల్లూరు చేపల పులుసులోను పడుతుంది. ఒడ్డున కొళంబు తిని, ఇంటికి కొన్ని చేపలు తెచ్చుకొని, చింతపండు, మామిడి వేసి పులుసు పెట్టుకొంటే మరునాటికి రుచి ఇంకా పెరుగును. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరబోట్లు సముద్రముమీద వేటకు పోరాదని నిబంధన ఉన్నది. ఆ దినములలో సముద్రపు చేప తగ్గును, ధర పెరుగును. కావున వడ్డించేవారు నేడు ఇంతేనంటే నొచ్చుకొనరాదు.

ఇక ఒక హెచ్చరిక. భోజనమును పడవలో పెట్టుకొని అవతలి ఇసుకదిబ్బ మీద తిందామని కుర్రవారు ఉబలాటపడతారు. 2011 డిసెంబరు 25న అట్లే విహారమునకు పోయిన కుటుంబము ఎక్కిన పడవ బోర్లపడి 22 మంది ప్రాణములు పోయినవి. అటుపిమ్మట విహారపు పడవలను నిషేధించినారు. అయినను ఒడ్డున ఎవరైనా వచ్చి "రండి, తీసుకొని పోతాము" అని పిలిస్తే పోవద్దు. నీటిని చూచుటకు ఒడ్డు చాలును. అన్నము తినుటకు నేల చాలును. ఈ మాట మీ ఇండ్లలో పిల్లలకు తప్పక చెప్పండి.

సరస్సు ఉత్తరపు వైపు చూడగోరేవారు గుమ్మిడిపూండి, ఆరంబాకము, తడ దాటి సూళ్ళూరుపేట చేరవచ్చును. కొన్ని లోకల్ బండ్లు అక్కడిదాకా పోతవి. కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి. ఆ తల్లి గుడి తలుపులు రాత్రి కూడ మూయరు. ఊరిలో మన తెలుగు భోజనము, పప్పు, గోంగూర, పెరుగు నిశ్చింతగా దొరుకును. అక్కడినుండి శ్రీహరికోట పోయే దారి సరస్సు నడుమనే సాగును. చలికాలములో ఆ దారికి ఇరువైపుల ఫ్లెమింగో పక్షులు వేలకొలది నిలిచి ఉంటవి. వాని పేర 2001లో ఆరంభమైన పండుగ కూడ ఉన్నది. దగ్గరనే నేలపట్టు, గూడబాతులు గుడ్లు పెట్టే ఆ చోటును 1976లో పక్షుల రక్షిత స్థలముగా ప్రకటించినారు. ఒక్క మాట గమనించండి. ఆ పక్షులు చూపుకు వచ్చినవి కావు, భోజనమునకు వచ్చినవి. లోతు తక్కువ నీటిలో నాచును, సన్నని రొయ్యలను ఏరుకొని తినుటకే వచ్చినవి. సరస్సు వాటికి, మనకు, బెస్తవారికి ఒకే పంక్తిలో విస్తళ్ళు వేసినది.

ఆ విస్తరి ఎంతకాలము నిండుగా ఉండునన్నదే ఇప్పటి ప్రశ్న. ఒకవైపు ఆరణి, కాళంగి, స్వర్ణముఖి తెచ్చే మంచినీరు, మరొకవైపు సముద్రపు ఉప్పునీరు కలిసితేనే అక్కడ రొయ్య, పీత పెరుగును. సముద్రముతో కలిపే ముఖద్వారము ఇసుకతో పూడితే ఆ కలయిక చెడును. చిలకలో ఇదే జరిగి వేట తగ్గిపోగా, 2000 సెప్టెంబరులో క్రొత్త ముఖద్వారము త్రవ్వినారు. చేప, రొయ్య తిరిగి వచ్చినవి. చేయవచ్చునని అక్కడ రుజువైనది.

నీటి తూకము తప్పితే ఏమగునో మింజూరువారికి ఒకరు చెప్పనక్కరలేదు. మన బావుల నీటిని మితిమీరి తోడుటచేత 1960ల చివరినాటికే సముద్రపు ఉప్పు నేల లోపలికి చొరబడినది. 2010లో ఇక్కడికి సమీపమున కాట్టుపల్లిలో సముద్రపు నీటినే మంచినీరుగా మార్చే కార్మాగారము పెట్టవలసి వచ్చినది. అది దినమునకు పది కోట్ల లీటర్లు ఇచ్చుటకు కట్టినది. మనలో చాలమంది ఈ తీరములోని విద్యుత్ కేంద్రములను, ఓడరేవులను నమ్ముకొని వచ్చినవారమే. అదే తీరమును నమ్ముకొని బ్రతికే బెస్తవారు, ఓడరేవు విస్తరణ వలన ఒడ్డు కోతపడి సరస్సుకు ముప్పు వచ్చునని భయపడి అడ్డు చెబుతున్నారు. ఉద్యోగమిచ్చిన తీరము, కూడు పెట్టే తీరము ఒకటే అయినప్పుడు వారి మాటను మనము పరాయి మాటగా వినరాదు.

వారికి పంచుకొని తినుట క్రొత్త కాదు. సరస్సులో 'పాడు' అను కట్టుబాటు ఉన్నది. ఏ కుటుంబము ఏ చోట, ఏ దినమున వల వేయవలెనో చీట్లు వేసి వంతులు నిర్ణయించుకొంటారు. మంచి చోటు ఒకరికే శాశ్వతము కాదు. చెడ్డ చోటు ఒకరి నెత్తినే పడదు. విందులో ఒకే పంక్తిన కూర్చుండే మనకు ఈ న్యాయము అర్థము కాకపోదు.

కనుక ఈసారి బంధువులు వచ్చినప్పుడు పళవేర్కాడు తీసుకొని పొండి. దొరికినదే తినండి. తగిన కూలి ఇవ్వండి. పడవ ఎక్కకండి. మీరు తెచ్చిన సంచి మీతోనే తిరిగి తెచ్చుకొనండి. పక్కన కూర్చున్న పిల్లవానికి "నాయనా, ఇది ప్రళయ కావేరి, నీ విస్తట్లో చేప దీనిది" అని చెప్పండి. ఎవరి నీటిని తింటున్నాడో తెలిసిన పిల్లవాడు రేపు పెద్దవాడై ఆ నీటిని పాడుచేయుటకు సంకోచించును.

ఉగాది పచ్చడిలో ఉప్పు కూడ ఒక రుచియే. ఆ సరస్సు ఉప్పును మన విందులో ఒక రుచిగా కలుపుకొందాము. వంటవారు మా వైపు చూస్తున్నారు, విస్తళ్ళు వేసినట్లున్నది. మీ అందరికి నూతన సంవత్సరములో పాడిపంటలు, ఆయురారోగ్యములు కలుగుగాక.