గుడ్డి, గుడి, ఒక లేజర్ ప్రింటరు



బళ్లారి ప్రాంతంలో తెలుగూ, కన్నడమూ రెండూ చెప్పే బడిపంతులుని నేను. ఈ పూట మీతో నలుపు తెలుపు లేజర్ ప్రింటర్ల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. పంతులుకీ ఆ యంత్రానికీ ఏం సంబంధం అంటారా? ముందు ఒక చిన్న సంగతి వినండి.

ఒకసారి ఆరో తరగతి పరీక్షలో 'గుడ్డి' అనే మాటకు సొంతవాక్యం రాయమన్నాను. ఒక పిల్లవాడు, "మా ఊరి గుడి దగ్గర రావిచెట్టు ఉంది" అని రాశాడు. తప్పని సున్న చుట్టాను. మర్నాడు వాడు ప్రశ్నపత్రం తెచ్చి నా ముందు పెట్టాడు. బజారులో తీయించిన అచ్చు పాలిపోయి, కింది ఒత్తు కనబడకుండా పోయింది. వాడు చదివింది 'గుడి'యే. ఆ సున్న నాకు పడవలసింది.

ఆ ఏడే మా ఎస్.డి.ఎం.సి. పెద్దలతో మాట్లాడి బడికి ఒక చిన్న లేజర్ ప్రింటరు కొనిపించాను. కొనేముందు తెలుసుకున్నవే మీకు చెబుతున్నాను.

ఈ యంత్రంలో సిరా ఉండదు. లోపల గుండ్రని డ్రమ్ము మీద లేజరు కిరణం మన అక్షరాల రూపును విద్యుత్తుతో గీస్తుంది. టోనరు అనే నల్లని ప్లాస్టిక్ పొడి ఆ గీతలకు అంటుకుని, కాగితం మీదికి దిగుతుంది. ఆఖరున వేడి రోలరు ఆ పొడిని కరిగించి కాగితానికి అతికిస్తుంది. అందుకే తడిచేయి తగిలినా అక్షరం అలుక్కుపోదు.

జెరాక్స్ సంస్థలో గ్యారీ స్టార్క్‌వెదర్ అనే ఇంజనీరు దీనికి ఆద్యుడు. 1984లో హ్యూలెట్ ప్యాకర్డ్ తెచ్చిన మొదటి లేజర్‌జెట్ అంగుళానికి 300 చుక్కలతో, నిమిషానికి 8 పుటలు అచ్చువేసేది. మన ఒత్తులకూ, గుణింతాలకూ 600 చుక్కలు ఉంటే మేలు.

రెండు రకాలను పోల్చి చూడండి. మన ఆఫీసుల్లో చాలామంది చూసిన లేజర్‌జెట్ 1020లో డ్రమ్ము, టోనరు ఒకే కాట్రిడ్జిలో ఉంటాయి. సుమారు 2,000 పుటలు వస్తాయి. అది మార్చితే రెండూ కొత్తవే. బ్రదర్ హెచ్.ఎల్. ఎల్2321డి రకంలో టోనరు వేరు, డ్రమ్ము వేరు. టోనరు సుమారు 2,600 పుటలకూ, డ్రమ్ము సుమారు 12,000 పుటలకూ సరిపోతాయి. పైగా కాగితానికి రెండు వైపులా అదే అచ్చువేస్తుంది. మొదటిదాంట్లో ఆ కాగితాన్ని మనమే తిప్పి పెట్టాలి.

ఈ లెక్కలు కాగితంలో ఇరవయ్యో వంతు మాత్రమే నలుపు పడితే వచ్చేవి. కిక్కిరిసిన ప్రశ్నపత్రానికి ఇంకా తక్కువే వస్తాయి. కాబట్టి ప్రింటరు ధర ఒక్కటే చూడకండి. కాట్రిడ్జి ధరను పుటల సంఖ్యతో భాగించి, పుటకు ఎంత పడుతుందో చూడండి. నూట ఇరవై మంది పిల్లలకు తలా రెండు పుటలు, ఏడాదికి అయిదు పరీక్షలు అంటే 1,200 పుటలు. చిన్న యంత్రమే చాలు.

ఇంకో మూడు మాటలు. టోనరు ఆదా చేసే పద్ధతి ఒకటి యంత్రంలో ఉంటుంది. చిత్తుప్రతులకు వాడుకోండి, పిల్లల ప్రశ్నపత్రాలకు మాత్రం వద్దు. ఒత్తులు పాలిపోయేది అక్కడే. అచ్చులో తెల్లచారలు పడితే కాట్రిడ్జిని తీసి మెల్లగా అటూ ఇటూ ఊపి పెట్టండి, ఇంకొన్ని పుటలు వస్తాయి. డ్రమ్మును మాత్రం ఎండలో ఉంచకండి. ఇక మూడోది. మన దుకాణాల కంప్యూటర్లలో కన్నడ అక్షరాలు ఉంటాయి గానీ తెలుగు ఫాంటు ఉండకపోవచ్చు. బయట అచ్చువేయించవలసి వస్తే యూనికోడ్‌లో టైపుచేసి, పి.డి.ఎఫ్.గా మార్చి పట్టుకెళ్లండి. అక్షరాలు చెదరవు.

సరిహద్దు ఊళ్లలో తెలుగు చదివే పిల్లలు మనకు ఉన్నదే కొద్దిమంది. వాళ్ల చేతికిచ్చే కాగితం మీద ప్రతి ఒత్తూ స్పష్టంగా ఉండాలి. మొదటి ప్రతి తీసి, బల్ల మీద పెట్టి, ఒక్కసారి మీరే చదివి చూసుకోండి. నేను ఆనాడు చేయనిది ఆ పనే.

ఆ పిల్లవాడి మార్కు దిద్దాను లెండి. సెలవు.