సాలెపురుగు చేయని తప్పు
(మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం సభ్యురాలు చేసిన ప్రసంగం)



నన్ను ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టరమ్మను కాదు. నాకు జరిగింది చెప్తాను.

కార్తీక మాసం వానలు పడినాక ఆవుకు గడ్డి కోసుకొచ్చేదానికి రోజూ గెనాల మీదికి పోతా ఉన్నాను. కొన్ని రోజులకు లంగా బొందు కట్టే చోట చిన్న పుండు లేచింది. నొప్పి లేదు, దురద లేదు. నడుమ నల్లగా పక్కు కట్టింది, చుట్టూ ఎర్రగా ఉంది, బీడీతో కాల్చినట్టు. ఆ వెంటనే చలిజ్వరం, తల పగిలే నొప్పి.

మా అత్త చూసి, “సాలెపురుగు ముట్టింది” అనింది. బాత్‌రూం గోడ మీద అరచేయంత సాలెపురుగు ఉన్నమాట నిజమే. మా పాప దాన్ని చీపురుతో కొట్టి చంపింది, ఇల్లంతా పురుగుల మందు కొట్టింది. నాకు మంత్రం వేయించినారు, ఆకు పసరు పూసినారు. జ్వరం మాత్రం దిగలేదు. ఎనిమిదో రోజుకు ఊపిరాడక ఆస్పత్రిలో పడినాను. ఆవు కోసం సంఘంలో తీసుకున్న అప్పులో సగం దానికే పోయింది.

అక్కడ నర్సమ్మ ఒకే ప్రశ్న అడిగింది: “ఒంటి మీద యాడన్నా నల్లమచ్చ ఉందామ్మా?” సిగ్గుపడి అంతవరకు ఏ డాక్టరుకూ చూపించలేదు. చూపించినాక రక్తపరీక్ష చేసి, స్క్రబ్ టైఫస్ అన్నారు. మందు మొదలుపెట్టిన రెండో రోజుకు జ్వరం దిగింది.

దీన్ని తెచ్చేది సాలెపురుగు కాదు, దానికి దూరపు చుట్టం. గడ్డిలో, పొదల్లో, ఎలుకలు తిరిగే చోట ఉండే మైట్ అనే పురుగు పిల్ల. ఆవగింజలో పదోవంతు ఉంటుంది, కంటికి ఆనదు. చంక, గజ్జ, రొమ్ముల కింద, నడుము దగ్గర, అంటే బట్ట బిగిసే చోట కుడుతుంది. కుట్టినట్టు కూడా తెలీదు. ఆరు రోజుల నుంచి మూడు వారాల లోపల జ్వరం వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఆలస్యం చేస్తే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి, ప్రాణమూ పోవచ్చు. ఇది కొత్త జబ్బేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా అడవుల్లో సైనికులను పడగొట్టింది ఇదే. తిరుపతి స్విమ్స్ డాక్టర్లు మన ప్రాంతపు రోగుల మీద దీన్ని గురించి వ్యాసాలు రాసినారు. 2025 చివర్లో రాష్ట్రమంతా ఈ పేరు వినపడినప్పుడు మన చిత్తూరు జిల్లా పేరు కూడా ముందు వరసలోనే వినపడింది.

మరి ఇంట్లో సాలెపురుగు సంగతి? గోడ మీద పరుగెత్తే ఆ పెద్దది గూడు అల్లదు, రాత్రిపూట బొద్దింకలను పట్టి తింటుంది. పొట్ట కింద తెల్లటి బిళ్ల పట్టుకొని తిరిగితే అది దాని గుడ్ల సంచి. మూలల్లో సన్న కాళ్లతో వేలాడేది దోమలను పడుతుంది. మన రక్తం తాగే పని వాటికి లేదు. చేత్తో నలిపితే కొరకొచ్చు, అంతే.

పొద్దున లేచేసరికి వరసగా మూడు నాలుగు దద్దుర్లుంటే మంచం సందుల్లో నల్లులను వెతకండి. వానాకాలంలో లైటు కాడికి వచ్చే ఎర్ర నలుపు పట్టీల సన్న పురుగును ఒంటి మీద నలిపితే గీత గీసినట్టు బొబ్బలొస్తాయి. దాన్ని నలపకుండా ఊది పారేసి, సబ్బుతో కడుక్కోండి.

అక్కల్లారా, నేను అడిగేది ఇంతే. గడ్డికి పోయేటప్పుడు నిండు చేతుల చొక్కా వేసుకోండి. గడ్డి మీద కూర్చోవద్దు, బట్టలు ఆరేయొద్దు. ఇంటికి రాగానే బట్టలు మార్చి, సబ్బుతో స్నానం చేయండి. ఇంటి చుట్టూ పిచ్చిమొక్కలు పెరగనీయొద్దు. జ్వరంతో పాటు నల్లమచ్చ ఉంటే ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోండి. మచ్చ అందరికీ కనపడదు. మచ్చ లేకపోయినా మూడు రోజులు జ్వరం తగ్గకుంటే, “గడ్డి కోసేదానికి పోతా ఉంటాను” అని డాక్టరుకు మీరే చెప్పండి. దీనికి ఖరీదైన మందులేమీ అక్కర్లేదు, డాక్సీసైక్లిన్ అనే మామూలు మాత్రలే. అయినా సొంతంగా కొని మింగొద్దు. గర్భిణులకు వేరే మందు ఇస్తారు, కాబట్టి కడుపుతో ఉంటే ముందే చెప్పాలి.

నెలనెలా సంఘం మీటింగులో పొదుపు రాసేటప్పుడు, “ఎవరింట్లోనన్నా జ్వరముందా? ఒళ్లంతా చూసుకున్నారా?” అని ఒక్క మాట అడగండి. నన్ను ఎనిమిది రోజుల ముందు ఎవరన్నా అట్ల అడిగి ఉంటే, ఈరోజు నా కొట్టంలో రెండో ఆవు ఉండేది.

సిగ్గుపడి దాచుకోవద్దు.