మన కాగితం మనమే రాద్దాం

 

ఈ రోజు బయోడేటా గురించి చెప్పుకుందాం. పేరు విని భయపడకండి. పని అడగడానికి వెళ్ళినప్పుడు మన గురించి రాసి ఇచ్చే కాగితమే బయోడేటా.

మా వీధిలో ఒక చెల్లెలు ఉంది. ఊరి ప్రాథమిక పాఠశాలలో ఆరేళ్ళు మధ్యాహ్న భోజనం వండింది. తర్వాత ఆ పని వేరే సంఘానికి వెళ్ళింది. ఇంతలో పట్నంలో ఒక హాస్టలుకు వంటమనిషి కావాలని తెలిసింది. కాగితం రాయమని ఒకాయనకు 100 రూపాయలు ఇచ్చింది. ఆయన "ఎనిమిదో తరగతి పాస్" అని రాశాడు. చేసిన పని దగ్గర "ఏమీ లేదు" అని రాశాడు. అప్పటికే ఆమెకు చదవడం వచ్చు. అయినా చదివి చూసుకోలేదు. సంతకం పెట్టి ఇచ్చేసింది.

హాస్టల్లో సర్టిఫికెట్ చూపమన్నారు. ఎక్కడి నుంచి తెస్తుంది? తల దించుకుని తిరిగొచ్చింది.

"నా వంట గురించి ఒక్క మాటా అడగలేదక్కా" అని ఏడ్చింది.

"రోజూ ఎంతమందికి వండేదానివి?" అన్నాను.

"120 మందికి."

"బియ్యం ఎంత?"

"పిల్లకు 100 గ్రాముల లెక్కన 12 కిలోలు."

"ఆ లెక్క ఎవరు చూసేవారు?"

"నేనే."

"మరి పని ఏమీ లేదని ఎందుకు రాయించావు?"

"ఇవన్నీ రాయొచ్చా అక్కా?" అంది.

రెండు రాత్రులు కూర్చుని తనే రాసింది. తప్పులు పోయాయి. కొట్టేసి మళ్ళీ రాసింది. పైన పేరు, ఊరు, ఫోను నంబరు రాసింది. కింద ఇలా రాసింది:

చదువు: వయోజన విద్యా కేంద్రంలో చదవడం, రాయడం నేర్చుకున్నాను.

చేసిన పని: బడిలో 6 సంవత్సరాలు భోజనం వండాను. మరో ఇద్దరితో కలిసి రోజూ 120 మందికి వండేదాన్ని. సరుకుల లెక్క చూసేదాన్ని.

నా పని తెలిసినవారు: బడి హెడ్మాస్టరు గారు.

తేదీ, సంతకం.

హెడ్మాస్టరు గారి పేరు రాసే ముందు ఆయన్ను అడిగింది. అది మర్యాద.

ఒక చోట ఖాళీ లేదన్నారు. ఇంకో చోట కాగితం చదివి, "120 మందికి పప్పు ఎంత పోసేవారమ్మా?" అని అడిగారు. "పిల్లకు 20 గ్రాములండీ. మొత్తం 2 కిలోల 400 గ్రాములు" అని తడుముకోకుండా చెప్పింది. పని దొరికింది.

చూశారా? లేని చదువు ఆమెను తల దించుకునేలా చేసింది. ఉన్న పని ఆమెను నిలబెట్టింది.

కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. కాగితం ఒక్క పేజీ చాలు. అబద్ధం వద్దు. చేసిన పనిని తక్కువ చేయడమూ వద్దు. ఎన్నేళ్ళు, ఎంతమందికి, ఎంత అని అంకెల్లో రాయండి. సర్టిఫికెట్లు, ఆధార్ జిరాక్సు కాపీలే ఇవ్వండి. అసలువి మీ దగ్గరే ఉంచుకోండి. పని ఇప్పిస్తానని డబ్బు అడిగేవారిని నమ్మకండి. ఎవరు రాసిపెట్టినా చదవకుండా సంతకం పెట్టకండి.

ఇంటికి వెళ్ళాక ఒక కాగితం తీసుకోండి. మీకు వచ్చిన పనులన్నీ రాయండి. రేపు తెచ్చి చూపించండి. అందరం కలిసి చదువుదాం.