కూర అంటే కూర కాదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏం మాట్లాడమంటారని అడిగితే, "నువ్వు చేసే పనేమిటో మాకెవరికీ తెలీదు, అదే చెప్పు" అన్నారు కార్యదర్శి గారు. మావారి ఉద్యోగం వల్ల బుకారెస్ట్ వెళ్ళాను. అక్కడి భాష నేర్చుకున్నాను. రొమేనియన్‌లో ఉన్న టూరిస్టు కరపత్రాలను, హోటళ్ళ బోర్డులను ఇంగ్లీషులో రాసిస్తాను. ఇంతే నా పని.

రొమేనియన్ లాటిన్ నుంచి వచ్చిన భాష. ఇంగ్లీషులోనూ లాటిన్ మాటలు బోలెడు. అందుకని చాలా మాటలు తెలిసినవాళ్ళలా పలకరిస్తాయి. చిక్కంతా అక్కడే. 'పెన్సియూనె' అంటే మన మాస్టార్లు ఒకటో తారీఖున ఎదురుచూసేది కాదు, ఇంటివాళ్ళే నడిపే చిన్న బస. గెస్ట్ హౌస్ అనాలి. 'స్తత్సియూనె' స్టేషను కాదు, రిసార్టు. 'అగ్రెమెంట్'లో సంతకాలేమీ ఉండవు, ఈత, పడవ షికారు లాంటి కాలక్షేపం అది. చూడదగ్గ చోట్లను 'ఒబియెక్తివె' అంటారు. దాన్ని 'టూరిస్ట్ ఆబ్జెక్టివ్స్' అని రాసిన బోర్డులు నేను చాలానే చూశాను. ఇవన్నీ నవ్వుకుని వదిలేసే తప్పులు.

కొన్నిటికి సరైన మాట వెతుక్కోవాలి. ఉత్తరాన బుకోవినాలో వొరొనెత్స్ అనే మఠం ఉంది. 1488లో కట్టారు. బయటి గోడల నిండా బొమ్మలే, ఆ నీలం రంగుకే పెద్ద పేరు. అక్కడి మఠాలకు ఏటా 'హ్రామ్' జరుగుతుంది. మఠం ఏ పునీతుడి పేర వెలిసిందో ఆయన పండుగ. చుట్టుపక్కల జనం వస్తారు, ప్రార్థనలు చేస్తారు. 'ఫెస్టివల్' అని రాస్తే టికెట్టు కొని పాటలు వినడానికి వచ్చినట్టు వస్తారు. మనకైతే తిరునాళ్ళు అంటే సగం అర్థమైపోయేది. ఇంగ్లీషులో ఆ పునీతుడి పేరు చెప్పి 'ఫీస్ట్ డే' అని, భుజాలు కప్పుకుని రండని ఇంకో వాక్యం కలుపుతాను.

ఇక కూర. నవ్వకండి, వాళ్ళకీ ఆ మాట ఉంది, ఇంచుమించు మనలాగే పలుకుతారు. నల్లసముద్రం ఒడ్డున తెకిర్‌గియోల్ అనే ఉప్పునీటి సరస్సు ఉంది. కీళ్ళ నొప్పులవాళ్ళు అక్కడి నల్లమట్టి ఒళ్ళంతా పూసుకుని, ఆరాక స్నానం చేస్తారు. డాక్టరు చెప్పిన ప్రకారం అలా కొన్నాళ్ళపాటు వరసగా చేసే వైద్యమే 'కూర'. వైద్యమే తప్ప నయమవుతుందన్న హామీ అందులో లేదు. కొత్తలో నేను ఒక విడిది కరపత్రంలో దాన్ని 'క్యూర్' అని రాసేశాను. అదే మాటలా కనిపించింది మరి. మన ఇంగ్లీషు మాస్టారు అనువాదం చెప్పేటప్పుడు, "మాట తర్వాత, ముందు విషయమేమిటో చెప్పమ్మా" అనేవారు. అది ఆ రోజు గుర్తురాలేదు.

మరుసటి వేసవి ఏదో పని మీద ఆ విడిదికే వెళ్ళాను. ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నా కరపత్రం చేత్తో పట్టుకుని కూర్చుంది. ఇంగ్లీషు వచ్చినదాన్నని నన్ను పిలిచి, "పన్నెండు రోజులైంది, ఇంకెన్నాళ్ళకు నయమవుతుంది?" అని అడిగింది. నొప్పి కాస్త తగ్గిందట. చేతి వేళ్ళు మాత్రం వంకరగానే ఉన్నాయి. ఇక్కడ నయమైపోతుందని నమ్మి, ఇంటి దగ్గర వాడే మాత్రలు ఆపేసి వచ్చింది.

ఆ మాట రాసింది నేనేనని చెప్పి, ఆవిణ్ణి అక్కడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఇద్దరి మధ్యా కూర్చుని ఒకరి మాట ఒకరికి చెప్పాను. ఆయన అన్నీ అడిగి తెలుసుకుని, మాత్రలు మళ్ళీ మొదలుపెట్టమన్నారు. ఆవిడ నన్నేమీ అనలేదు. కరపత్రం మడిచి సంచిలో పెట్టుకుంది. నాలుగు తిట్టినా బాగుండేది.

కొత్తవి అచ్చు వేయించమంటే, ఉన్నవి అయిపోనివ్వమన్నారు విడిదివాళ్ళు. కౌంటరు దగ్గర కట్ట కట్టి ఉన్నవి రెండు వందల పైనే. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని ఒక్కొక్క దాంట్లో 'క్యూర్' కొట్టేసి 'కోర్స్ ఆఫ్ ట్రీట్‌మెంట్' అని రాశాను. మన మాస్టారిలా ఎర్రసిరాతో దిద్దుదామనుకున్నాను గానీ, అక్కడ నీలం పెన్నే దొరికింది.