గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తేవద్దు

(మహిళా సంఘం సమావేశంలో ఒక ఆరోగ్య కార్యకర్త చెప్పిన మాటలు)

అక్కల్లారా, చెల్లెళ్లారా, పెద్దమ్మల్లారా!

పొద్దంతా పని చేసి వచ్చారు. ఇంటి దగ్గర పిల్లలు ఎదురుచూస్తుంటారు. అందుకే ఎక్కువసేపు కూర్చోబెట్టను. ఈరోజు ఒక చిన్న సంగతి చెబుతాను. చిన్నదంటే నిజంగా చిన్నదే. గోరంత!

నవ్వుతున్నారా? నవ్వండి. మనం మాట్లాడుకోబోయేది గోళ్ల గురించే.

ముందు అందరూ చేతులు చాపండి. గోళ్లు పైకి కనబడేలా పెట్టండి. లైటు వెలుగులో ఒకసారి చూసుకోండి. మొహాన్ని రోజూ అద్దంలో చూసుకుంటాం. గోళ్లను ఎప్పుడైనా ఇలా చూసుకున్నామా?

బొటనవేలు చూడండి. మొన్నటిదాకా ఈ వేలికి సిరా పూసి కాగితం మీద ఒత్తేవాళ్లం. ఇప్పుడు ఇదే వేలు పెన్ను పట్టుకుని సంతకం చేస్తోంది. నారు నాటేది ఈ వేళ్లే. పత్తి తీసేది ఈ వేళ్లే. బియ్యంలో రాళ్లు ఏరేది, పిల్లకు జడ వేసేది, పిల్లాడి నోట్లో ముద్ద పెట్టేది ఈ వేళ్లే. ఆ వేలి కొసకు కాపలా కాసేది గోరు. కాపలా కాసేవాణ్ని మనం కూడా కాస్త చూసుకోవాలి కదా!

గోరు అంటే ఏమిటి?

గోరు, జుట్టు ఒకే రకం పదార్థంతో తయారవుతాయి. అందుకే గోరు కత్తిరించినా నొప్పి పుట్టదు. కానీ గోరు మొదట్లో, చర్మం కింద, దాని వేరు ఉంటుంది. ఆ వేరుకు ప్రాణం ఉంటుంది. గోరు అక్కడే పుట్టి ముందుకు జరుగుతుంది.

చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. గోరు ఊడిపోతే మళ్లీ పూర్తిగా రావడానికి 6 నెలలు పడుతుంది. కాలి గోరుకైతే ఏడాది, ఏడాదిన్నర పడుతుంది.

గోరు మొదట్లో సన్నటి పొర ఒకటి కనబడుతుంది. అది తలుపులాంటిది. నీళ్లు, బురద, రోగాలు తెచ్చే క్రిములు లోపలికి పోకుండా ఆపుతుంది. కొందరు ఊరికే కూర్చుని ఆ పొరను పీకుతుంటారు. కొందరు గోరు అందంగా కనబడాలని దాన్ని కత్తిరిస్తారు. తలుపు మనమే తీసి దొంగను లోపలికి పిలిచినట్టు ఉంటుంది ఆ పని.

మా అమ్మ బొటనవేలు

ఇది మా ఇంట్లో జరిగిన సంగతి. అప్పటికి నేను ఈ పనిలో చేరలేదు.

మా అమ్మ నాట్ల కూలికి వెళ్లేది. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. వరసగా 20 రోజులు నాట్లే. పొద్దున్నే అంట్లు, పగలంతా బురద, రాత్రికి బట్టలు. చెయ్యి ఆరిన రోజు లేదు. ఒకరోజు కుడి బొటనవేలి గోరు పక్కన చిన్న తోలు లేచింది. పంటితో పీకేసింది. రెండో రోజుకు ఎర్రబడింది. మూడో రోజుకు వాచింది. సలుపు మొదలైంది. రాత్రుళ్లు నిద్ర లేదు. అదే గోరుచుట్టు.

ఇరుగుపొరుగు వాళ్లు నిమ్మకాయ తొడగమన్నారు. తొడిగింది. నిమ్మకాయ తొడిగితే చల్లగా అనిపిస్తుందేమో గానీ, లోపల పట్టిన చీమును అది తీయలేదు. "ఆస్పత్రికి పోదాం పద" అన్నాను. "నాట్లు అయిపోనీ, పోదాంలే. రెండు రోజుల కూలి ఎవరిస్తారు?" అంది.

పదో రోజుకు వేలి కొస నల్లబడింది. జ్వరం వచ్చింది. అప్పుడు తీసుకెళ్లాం. డాక్టరు రక్తపరీక్ష చేయించాడు. అమ్మకు షుగరు ఉందని ఆరోజే తెలిసింది. షుగరు ఎక్కువగా ఉన్నవాళ్లకు పుండు తొందరగా మానదు. చీము తొందరగా పాకుతుంది. చెయ్యి దక్కాలంటే బొటనవేలి కొస తీసేయాలన్నారు. తీసేశారు.

రెండు రోజుల కూలి పోతుందని ఆగింది. రెండు నెలల కూలి పోయింది. వేలు పోయింది. అప్పుడప్పుడే పలక పట్టి పేరు రాయడం నేర్చుకుంటోంది అమ్మ. మళ్లీ మొదటి నుంచి ఎడమచేత్తో దిద్దుకుంది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. ఆ నొప్పి ఎరిగినవాళ్లే ఆ సామెత చెప్పి ఉంటారు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తేవద్దని కూడా మన పెద్దలే చెప్పారు. మా ఇంట్లో గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. మీ ఇంట్లో రాకూడదని ఇదంతా చెబుతున్నాను.

గోరుచుట్టు వస్తే ఏం చేయాలి?

గోరు పక్కన ఎర్రబడగానే పని మొదలుపెట్టండి. గోరువెచ్చని నీళ్లలో కొంచెం ఉప్పు వేయండి. అందులో వేలిని 15 నిమిషాలు ఉంచండి. రోజుకు 3, 4 సార్లు ఇలా చేయండి. తర్వాత శుభ్రమైన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి.

సూదితో, ముల్లుతో పొడవద్దు. పేడ, సున్నం, ఆకుపసరు పెట్టవద్దు. వాటితో పుండులోకి కొత్త క్రిములు పోతాయి.

చీము పట్టినా, ఎరుపు చేతి మీదికి పాకినా, జ్వరం వచ్చినా, రెండు రోజుల్లో తగ్గకపోయినా ఆస్పత్రికి వెళ్లండి. చీము తీయడం డాక్టరు పని. మన పని కాదు. షుగరు ఉన్నవాళ్లు మొదటి రోజే వెళ్లాలి.

షుగరు ఉందో లేదో తెలియని వాళ్లు మనలో ఎంతమంది ఉన్నారో! 30 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో షుగరు, బీపీ పరీక్షలు ఉచితంగా చేస్తారు. ఒక్కసారి వెళ్లి చేయించుకోండి.

గోరుచుట్టు రాకుండా ఉండాలంటే చెయ్యి ఆరాలి. తడిపని అయిపోగానే కొంగుకు కాకుండా, ఉతికిన పొడిగుడ్డకు తుడుచుకోండి. రాత్రి పడుకునే ముందు రెండు చుక్కల కొబ్బరినూనె గోళ్ల చుట్టూ రాయండి. తోలు లేస్తే పీకకండి. కట్టరుతో మెల్లగా కత్తిరించండి.

గోరు కింద ఏముంది?

ఇప్పుడు పిల్లల సంగతి. పిల్లలు మట్టిలో ఆడతారు. మట్టిలో ఏలికపాముల గుడ్లు ఉండొచ్చు. అవి కంటికి కనబడవు. గోరు కింద చేరి, అన్నంతో పాటు కడుపులోకి పోతాయి.

నులిపురుగులది ఇంకో దారి. రాత్రిపూట అవి పిల్లల మలద్వారం దగ్గర గుడ్లు పెడతాయి. దురద పుడుతుంది. పిల్లలు నిద్రలో గోకుతారు. గుడ్లు గోళ్లలో చేరతాయి. పొద్దున్నే వేలు నోట్లో పెట్టుకుంటారు. పోయిన పురుగులు మళ్లీ వస్తాయి. మందు వేసినా మళ్లీ ఎందుకు వచ్చాయని తల్లి నన్ను అడుగుతుంది. నేను పిల్లాడి గోళ్లు చూపిస్తాను.

ఏడాది నుంచి 19 ఏళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీల్లో, బడుల్లో నులిపురుగుల మాత్ర ఇస్తారు. 2015లో మొదలైన ఈ కార్యక్రమం ఇప్పుడు దేశమంతా జరుగుతోంది. ఆ మాత్ర వేయించండి. గోళ్లు కూడా తీయండి. రెండూ చేస్తేనే ఫలితం.

వంట చేసే ముందు, తినే ముందు, పిల్లలకు తినిపించే ముందు, దొడ్డికి వెళ్లి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోండి. గోళ్ల కింద కూడా రుద్దండి.

గోళ్లు ఎలా తీయాలి?

స్నానం చేశాక తీయండి. అప్పుడు గోరు మెత్తగా ఉంటుంది. చేతి గోళ్లు వారానికి ఒకసారి తీయాలి. మరీ లోపలికి తీయకండి. కొంచెం తెల్ల అంచు ఉంచండి. కాలి గోళ్లను తిన్నగా తీయండి. మూలలు లోతుగా కోస్తే గోరు కండలోకి దిగుతుంది.

బ్లేడు వద్దు. పన్ను అసలే వద్దు. కట్టరును వేడినీళ్లతో, సబ్బుతో కడిగి, ఆరబెట్టి దాచుకోండి. గోటికి జబ్బు ఉన్నవాళ్ల కట్టరు మరొకరు వాడకూడదు.

"మంగళవారం తీయకూడదు, శుక్రవారం తీయకూడదు, రాత్రిపూట తీయకూడదు అంటారు కదమ్మా?" అని మొన్న ఒక అవ్వ అడిగింది. రాత్రి మాట నిజమే అవ్వా! దీపం వెలుగులో తీస్తే వేలు తెగేది. ఇక వారం మీ ఇష్టం. ఆదివారం తీయండి, బుధవారం తీయండి. వారానికి ఒక రోజు మాత్రం తప్పకుండా తీయండి.

గోరు ఒక అద్దం

చిన్నప్పుడు కొంగలు ఎగురుతుంటే వాటికి గోళ్లు చూపించి పూలు అడిగేవాళ్లం. గుర్తుందా? గోటి మీద తెల్లమచ్చ వస్తే కొంగ పువ్వు ఇచ్చిందని మురిసేవాళ్లం. ఇప్పుడు కొందరు ఆ మచ్చ చూసి కాల్షియం తక్కువైందని భయపడుతున్నారు. చాలాసార్లు అదీ కాదు, ఇదీ కాదు. ఎప్పుడో గోటికి చిన్న దెబ్బ తగిలి ఉంటుంది. గోరు పెరిగేకొద్దీ మచ్చ ముందుకు జరిగి పోతుంది.

కానీ కొన్ని గుర్తులను పట్టించుకోవాలి.

గోరు కింద గులాబీ రంగు ఉండాలి. గోళ్లు తెల్లగా పాలిపోతే ఒంట్లో రక్తం తక్కువగా ఉందేమో చూడాలి. రక్తం బాగా తగ్గినవాళ్లకు కొందరిలో గోరు మధ్యలో గుంటపడి చెంచాలా మారుతుంది. 2019-21లో దేశమంతా సర్వే చేశారు. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తం తక్కువ ఉందని తేలింది. అంటే ఇక్కడ కూర్చున్న మనలో సగం మందికి పైగా ఉండొచ్చు. మెట్లెక్కితే ఆయాసం, ఊరికే నీరసం, కళ్లు తిరగడం. ఇవన్నీ "పని ఎక్కువై" అనుకుంటాం.

గోరు చూసి అనుమానం మాత్రమే పడాలి. రక్తపరీక్ష చేయిస్తేనే నిజం తెలుస్తుంది. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. గర్భిణికి 11 కంటే తగ్గకూడదు. తగ్గితే ఐరన్ మాత్రలు ఇస్తారు. మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తుంది. భయపడి మానేయకండి. అది మామూలే. మాత్రను టీతో వేసుకోవద్దు. తోటకూర, మునగాకు, రాగులు, పప్పులు, గుడ్లు తినండి. కూర మీద నిమ్మకాయ పిండుకోండి. గోరుచుట్టుకు పనికిరాని నిమ్మకాయ ఇక్కడ బాగా పనికొస్తుంది. తిండిలోని ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది.

గోరు పచ్చబడి, మందమై, పొడిపొడిగా రాలుతుంటే ఫంగస్ పట్టి ఉండొచ్చు. దానికి మందు ఉంది. కానీ కొత్త గోరు వచ్చేదాకా నెలల తరబడి వాడాలి. మధ్యలో మానకూడదు.

మన ఒంటి రంగు వాళ్ల గోళ్లలో నిలువుగా నల్ల గీతలు ఉండటం మామూలే. కానీ ఒక్క గోటికే కొత్తగా గీత వచ్చి వెడల్పు అవుతుంటే డాక్టరుకు చూపించండి.

అందం మనకెందుకు?

"గోళ్లకు రంగులు, సోకులు మనకెందుకమ్మా? పేడ పిసికే చేతులు మనవి" అంటారు కొందరు. ఎందుకు ఉండకూడదు? ఆషాఢమాసం వస్తే గోరింటాకు రుబ్బుకోమా? తెలంగాణలో మైదాకు అంటారు. ఆ ఎరుపు చూసి మురవనిది ఎవరు? చర్మం మీది రంగు కొద్దిరోజుల్లో పోతుంది. గోటి మీది రంగు గోరు పెరిగి కత్తిరించేదాకా ఉంటుంది. చెట్టు ఆకు రుబ్బి పెట్టుకోండి. గంటలోనే నల్లగా పండుతుందని అమ్మే కోన్లు మాత్రం కొనకండి. వాటిలో కొన్నింట్లో తలకు వేసే రంగు మందు కలుపుతారు. చెయ్యి బొబ్బలెక్కుతుంది.

గోళ్ల రంగు వేసుకుంటే వేసుకోండి. రోజూ మార్చవద్దు. రంగు తీసే మందు గోటిని ఎండబెడుతుంది. కాన్పుకో, ఆపరేషన్‌కో వెళ్లేటప్పుడు రంగు తీసేసి వెళ్లండి. ఒంట్లో ప్రాణవాయువు సరిగా ఉందో లేదో డాక్టర్లు గోటి దగ్గరే చూస్తారు.

శుభ్రంగా ఉన్న గోరే అందమైన గోరు. దానికి పైసా ఖర్చు లేదు. కట్టరు, సబ్బు, రెండు చుక్కల నూనె, పొడిగుడ్డ. అంతే.

ఇక ఇళ్లకు వెళదాం. ఈ రాత్రి పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల గోళ్లు చూడండి. అత్తమ్మ గోళ్లు చూడండి. చివరగా మీవి కూడా చూసుకోండి. అందరివీ చూసి మన సంగతి మరిచిపోవడం మనకు అలవాటు. మా అమ్మా అలాగే మరిచిపోయింది.

మీరు మరిచిపోవద్దు. సెలవు.

చర్చించుకుందాం

1. మీ ఊళ్లో గోరుచుట్టు వస్తే ఏం చేస్తారు? అందులో ఏది మంచిది? ఏది కాదు?
2. మీ సంఘంలో ఎంతమంది రక్తపరీక్ష చేయించుకున్నారు? మిగతావాళ్లు ఎప్పుడు వెళతారు?
3. "గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తేవద్దు." ఈ సామెతను మీ పుస్తకంలో రాయండి. మీకు తెలిసిన ఇలాంటి సంగతి ఒకటి చెప్పండి.